సన్న నడుము, పదునైన అంచు

ఆల్ప్స్ పర్వతాల్లో స్కీయింగ్‌కు వెళ్లేవాళ్లలో అత్యధికులు రోజంతా గడిపేది చదును చేసిన వాలుల మీదే. లిఫ్టులు ఆగిపోయాక, రాత్రివేళ గొలుసు చక్రాల గ్రూమింగ్ యంత్రాలు కొండెక్కి, పగలంతా గుట్టలు పడిన మంచును తిరగదోడి, నొక్కి, సన్నని చాళ్లు తీసి పెడతాయి. తెల్లారేసరికి ఆ మంచు బిగిసి గట్టిపడుతుంది. మలుపులు తిరగడం పూర్తిగా చేతనైన స్కీయర్ అలాంటి నేల మీద ఎలాంటి స్కీ తొడుక్కోవాలి? ఈ ప్రశ్నకు చాలాచోట్ల దొరికే జవాబు ‘అన్నిటికీ పనికొచ్చే స్కీ’. అంటే నడుము దగ్గర 85 నుంచి 100 మిల్లీమీటర్ల వెడల్పుండి, మెత్తని మంచులోనూ గట్టి మంచు మీదా నడిచేలా రాజీపడి తయారుచేసిన రకం. ఆ జవాబు తప్పని నా వాదన. చదును చేసిన వాలు మీదే తిరిగే అనుభవజ్ఞుడికి కావలసింది 65 నుంచి 72 మిల్లీమీటర్ల నడుమున్న కార్వింగ్ స్కీ. అందులోనూ తన బలాన్ని, గర్వాన్ని చూసుకుని కాకుండా, తాను నిజంగా వెళ్లే వేగాన్ని చూసుకుని ఎంచుకున్న స్కీ. ఈ మాట అభిరుచిని బట్టి చెబుతున్నది కాదు. దీని వెనక కొంత చరిత్ర, కాస్త భౌతికశాస్త్రం, పోటీల అనుభవం ఉన్నాయి.

ముందు కార్వింగ్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు మలుపులో స్కీయర్ స్కీలను అడ్డంగా తిప్పి మంచును గీకుతూ జారతాడు; వేగం తగ్గుతుంది, మంచు మీద వెడల్పాటి చెరుపు మిగులుతుంది. కార్వింగ్‌లో స్కీ పక్కకు వాలి అంచు మీద నిలుస్తుంది. ముక్కు వెళ్లిన గీతలోనే నడుము, నడుము వెళ్లిన గీతలోనే తోక వెళతాయి. వెనక మిగిలేవి రెండు సన్నని గీతలే. ఇది సాధ్యమయ్యేది స్కీ ఆకారం వల్ల. ఢమరుకాన్ని నిలువునా బాగా సాగదీసినట్టు రెండు కొనలు వెడల్పుగా, మధ్య సన్నగా ఉంటుంది స్కీ. వాల్చినప్పుడు ముందుగా మంచును తాకేవి రెండు కొనలే. బరువు పడేకొద్దీ మధ్యభాగం కిందికి వంగి తానూ మంచును అందుకుంటుంది. అలా స్కీ మొత్తం ఒక చాపమవుతుంది, ఆ చాపమే మలుపు. ఈ పక్క వంపుకు సైడ్‌కట్ అని పేరు. ఇది కొత్త ఆలోచన కాదు. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో మోర్గెడాల్ గ్రామానికి చెందిన సోండ్రె నోర్‌హైమ్ 19వ శతాబ్దంలోనే నడుము సన్నగా చెక్కిన స్కీలతో మలుపులు తిరిగాడు. 1868లో క్రిస్టియానియా నగరంలో, అంటే నేటి ఓస్లోలో జరిగిన పోటీలో అతని నైపుణ్యం దేశాన్ని ఆకట్టుకుంది. 1920ల్లో సాల్జ్‌బర్గ్‌కు చెందిన రుడాల్ఫ్ లెట్నర్ చెక్క స్కీలకు ఉక్కు అంచులు బిగించాడు. 1950లో అమెరికన్ విమాన ఇంజినీరు హోవర్డ్ హెడ్ అల్యూమినియం పొరల మధ్య చెక్క పెట్టిన స్కీని మార్కెట్లోకి తెచ్చాడు. ఇలా పట్టు పెరిగింది, మన్నిక పెరిగింది. సైడ్‌కట్ లోతు మాత్రం దశాబ్దాల తరబడి ఏడెనిమిది మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోయింది. రెండు మీటర్ల పొడవున్న ఆ స్కీల పక్క వంపు వ్యాసార్థం 40 మీటర్లకు పైమాటే. వాటితో నిజమైన కార్వింగ్ చేయాలంటే మహా వేగం కావాలి, వాలు ఖాళీగా ఉండాలి.

ఆ గోడను బద్దలుకొట్టింది స్లొవేనియాలోని బెగునియె అనే చిన్న ఊళ్లోని ఎలాన్ కర్మాగారం. ప్రపంచకప్ రేసుల్లో 86 విజయాలు సాధించిన స్వీడన్ దిగ్గజం ఇంగెమార్ స్టెన్‌మార్క్ వాడింది ఈ కంపెనీ స్కీలే. అక్కడి ఇంజినీర్లు యూరి ఫ్రాంకో, పావెల్ ష్కోఫిత్స్ సైడ్‌కట్‌ను దాదాపు మూడింతలు చేసి తయారుచేసిన ఎస్‌సీఎక్స్ స్కీ 1993లో బయటికొచ్చింది. చాలామంది మొదట దాన్ని నేర్చుకునేవాళ్ల సాధనంగానే చూశారు. కానీ 1996లో బోడీ మిల్లర్ అనే అమెరికన్ కుర్రాడు కె2 కంపెనీ తెచ్చిన ‘ఫోర్’ అనే వంపు స్కీతో జూనియర్ పోటీల్లో గెలిచినప్పుడు పెద్దల చూపు మారింది. ఆ తర్వాత జరిగిన మార్పు ఎంత వేగంగా జరిగిందంటే, దగ్గరదగ్గర మలుపుల రేసైన స్లాలమ్‌కు వాడే, రెండు మీటర్ల దగ్గరున్న స్కీలు కొన్నేళ్లలోనే మనిషి భుజం, గడ్డం ఎత్తుకు దిగిపోయాయి. ఎంతగానంటే ఇంకా కురచ చేయకుండా అంతర్జాతీయ స్కీ సమాఖ్య కనీస పొడవు నిర్ణయించాల్సి వచ్చింది: పురుషులకు 165 సెంటీమీటర్లు, మహిళలకు 155. ఒక క్రీడా పరికరంలో పదేళ్లలోపు ఇంతటి మార్పు రావడం అరుదు. అది ప్రకటనల బలంతో వచ్చింది కాదు, గడియారం మీద రుజువైంది కాబట్టి వచ్చింది.

ఇక అసలు లెక్కకు వద్దాం. ప్రతి స్కీ మీద పొడవుతోపాటు ఒక వ్యాసార్థం ముద్రించి ఉంటుంది. స్లాలమ్ రకానికి 12, 13 మీటర్లు. మలుపుల మధ్య దూరం ఎక్కువుండే జెయింట్ స్లాలమ్ కోసం దుకాణాల్లో అమ్మే రకానికి 17, 18 మీటర్లు. అసలైన రేసు జెయింట్ స్లాలమ్ స్కీకి 30 మీటర్లు. స్కీ పక్క వంపును అలాగే పొడిగిస్తూపోతే వచ్చే వృత్తం వ్యాసార్థం అది. స్కీని వాల్చేకొద్దీ మలుపు దానికన్నా బిగుతవుతుంది. ఆ అంకెను వాలిన కోణపు కొసైన్‌తో హెచ్చవేస్తే అసలు మలుపు వస్తుంది. 18 మీటర్ల స్కీని 60 డిగ్రీలు వాలిస్తే 9 మీటర్ల మలుపు. అయితే మనిషి ఇష్టమొచ్చినంత వాలలేడు. మలుపులో బయటికి నెట్టే బలం, కిందికి లాగే బరువు రెండూ కలిసి ఎంత వాలాలో నిర్ణయిస్తాయి. వేగం పెరిగితే ఎక్కువ వాలాలి. ఎక్కువ వాలితే మలుపు బిగుస్తుంది. మలుపు బిగుస్తే బయటికి నెట్టే బలం పెరుగుతుంది, అప్పుడు ఇంకా వాలాలి. ఒకదాన్నొకటి పెంచుకుంటూపోయే ఈ వరసకు ఒక హద్దుంది. భూమి ఆకర్షణ త్వరణాన్ని స్కీ వ్యాసార్థంతో హెచ్చవేసి వర్గమూలం తీస్తే ఆ హద్దు వేగం వస్తుంది. సమతలం మీద లెక్కిస్తే 13 మీటర్ల స్కీకి అది గంటకు దాదాపు 41 కిలోమీటర్లు. 18 మీటర్ల స్కీకి 48. 30 మీటర్ల స్కీకి 62. అంతకుమించి వెళితే ఆ స్కీ శుద్ధమైన కార్వింగ్ చేయలేదు. అంచు విడిచి జారుతుంది, లేదా అదురుతూ ఎగిరెగిరి పడుతుంది. వాలు నిటారుతనాన్ని బట్టి, మంచు మెత్తదనాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, హద్దు ఉన్నదన్న మాట మారదు.

నా దృష్టిలో స్కీ కొనేవాళ్లకు ఇంతకన్నా ఉపయోగపడే లెక్క మరొకటి లేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగాన్నే తీసుకోండి. మంచి స్కీయర్‌కు ఎర్ర గుర్తున్న మధ్యస్థ వాలు మీద అది చక్కని వేగం. ఆ వేగంలో 30 మీటర్ల రేసు స్కీ 25 డిగ్రీలే వాలుతుంది. దాని మలుపు 27 మీటర్ల వ్యాసార్థంతో వాలు ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుచుకుంటుంది, ఎన్నో చోట్ల వాలే సరిపోదు. 13 మీటర్ల స్లాలమ్ స్కీ అదే వేగంలో 75 డిగ్రీల దగ్గరికి, అంటే తన హద్దు అంచుకు చేరిపోతుంది. ప్రపంచకప్ ఆటగాళ్లకు తప్ప ఆ కోణం అందదు. 18 మీటర్ల స్కీ మాత్రం 44 డిగ్రీలు వాలి, 13 మీటర్ల మలుపును నిండుగా, నిబ్బరంగా తీస్తుంది. అదే మనిషి గంటకు 30 కిలోమీటర్లతో వెళ్లేవాడైతే లెక్క తిరగబడుతుంది: 18 మీటర్ల స్కీ 23 డిగ్రీలకే ఆగిపోతే, 13 మీటర్ల స్కీ 33 డిగ్రీలు వాలి 11 మీటర్ల మలుపులతో కాలి కింద ప్రాణం పోసుకుంటుంది. కాబట్టి ‘ఏది మంచి స్కీ’ అని అడిగితే జవాబుండదు. ‘ఏ వేగానికి ఏ వ్యాసార్థం’ అని అడిగితే ఉంటుంది. పోటీలకు వెళ్లనివాళ్లు రేసు విభాగం స్కీ కొని, దాన్ని వంచలేక, చివరికి అడ్డంగా గీకుతూ దిగడం ఆల్ప్స్‌లో రోజూ కనిపించే దృశ్యమే. ఆ స్కీలో లోపమేమీ లేదు, అది ఎదురుచూసే వేగం అక్కడ లేదు.

వెడల్పు సంగతి ఇంకా స్పష్టం. గట్టి మంచు మీద బలమంతా అంచు దగ్గరే పడుతుంది. అంచుకూ బూటు మధ్యగీతకూ ఉన్న దూరం నడుములో సగం. 66 మిల్లీమీటర్ల స్కీకి అది 33. 100 మిల్లీమీటర్ల స్కీకి 50. ఆ దూరం ఎంత పెరిగితే స్కీని తిరిగి బల్లపరుపు చేయాలని మంచు అంత బలంగా మెలితిప్పుతుంది. ఆ మెలిని ఓర్చుకోవలసింది చీలమండ, మోకాలు. 45 డిగ్రీలు వాలితే మనిషి మీద పడే భారం తన బరువుకు 1.4 రెట్లు, 60 డిగ్రీలకు రెండు రెట్లు. 70 కిలోల మనిషికి 140 కిలోలు, అదీ చాలావరకు ఒక్క బయటి కాలి మీద. ఆ స్థితిలో మెలి సగానికి సగం పెరగడం చిన్న విషయం కాదు. స్కీ నడుము వెడల్పును బట్టి మోకాలి కదలికలు మారతాయని స్లొవేనియా పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం కూడా చూపింది. పైగా సన్న స్కీ ఈ అంచు నుంచి ఆ అంచుకు తొందరగా మారుతుంది. వరస మలుపుల్లో అందం ఉన్నదే ఆ మార్పులో.

వెడల్పు స్కీలు పుట్టడానికి న్యాయమైన కారణముంది, దాన్ని కాదనకూడదు. అమెరికా రాకీ పర్వతాల్లో మోకాలి లోతు పొడి మంచు పడుతుంది. అక్కడ సన్న స్కీ మునిగిపోతుంది, వెడల్పు స్కీ తేలుతుంది. మన దేశంలో గుల్‌మర్గ్ సంగతీ అంతే. అఫర్వత్ శిఖరం సమీపం దాకా గొండోలాలో వెళ్లి చదును చేయని మంచులోకి దిగడానికే ప్రపంచం నలుమూలల నుంచీ అక్కడికి వస్తారు. గుల్‌మర్గ్ వెళ్లే తెలుగువాళ్లకు కార్వింగ్ స్కీ కొనమని ఎవరైనా చెబితే వినొద్దనే నేనంటాను. కానీ డెన్వర్‌లోనో సియాటిల్‌లోనో స్థిరపడి వారాంతాల్లో కొండకెళ్లే మనవాళ్లలోనూ, మ్యూనిక్, జ్యూరిక్‌ల నుంచి ఆల్ప్స్‌కు వెళ్లేవాళ్లలోనూ స్కీయింగ్ బాగా ఒంటబట్టినవాళ్లు ఇప్పుడున్నారు. వాళ్లు తాము గడిపే రోజులను నిజాయితీగా లెక్కేసుకోవాలి. పదింట తొమ్మిది రోజులు చదును వాలు మీదే గడిచి, ఒక్కరోజు మంచు దండిగా పడితే, ఆ ఒక్కరోజుకు వెడల్పు స్కీ అద్దెకు దొరుకుతుంది. తొమ్మిది రోజుల ఆనందాన్ని పదో రోజు కోసం తాకట్టు పెట్టడంలో అర్థం లేదు.

‘స్కీలో ఏముంది, నైపుణ్యమే అంతా’ అన్న అభ్యంతరం పాతదే, బలమైనదే. దానికి అమెరికన్ రేసర్ టెడ్ లిగెటీ కన్నా గొప్ప సాక్ష్యం లేదు. 2012-13 సీజన్ నుంచి పురుషుల జెయింట్ స్లాలమ్ స్కీల కనీస వ్యాసార్థాన్ని సమాఖ్య 27 నుంచి 35 మీటర్లకు పెంచినప్పుడు, ఆ నియమాన్ని బహిరంగంగా తీవ్రంగా వ్యతిరేకించినవాడు అతనే. కానీ ఆ స్కీలతో జరిగిన మొదటి రేసులోనే, ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో, రెండో స్థానంలో నిలిచిన ఆటగాడి కన్నా 2.75 సెకన్ల ముందు గెలిచాడు. సెకనులో వందో వంతుతో గెలుపోటములు తేలే ఆటలో అది ఊహకందని తేడా. ఆ చలికాలమే ష్లాడ్‌మింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడు స్వర్ణాలు గెలిచాడు. కాబట్టి నైపుణ్యం ముందు స్కీ ఓడిపోయిందనాలా? లిగెటీ చేసింది గమనిస్తే జవాబు వేరు. మలుపు మొదట్లో స్కీని కొంత జార్చి దిశ మార్చి, తర్వాత అంచు మీదికి వాలి, ఇతరులు అందుకోలేని కోణాల్లో ఆ బిరుసు స్కీని వంచాడు. అంటే స్కీ స్వభావాన్ని ఇతరుల కన్నా ముందు, ఇతరుల కన్నా లోతుగా అర్థం చేసుకున్నాడు. నైపుణ్యం పెరిగేకొద్దీ పరికరం ప్రాధాన్యం తగ్గుతుందన్న నమ్మకాన్ని ఈ ఉదాహరణ బలపరచదు. నేర్చుకునేవాడికి ఏ స్కీ అయినా ఒకటే. తేడా తెలిసేది తేడాను వాడుకోగలిగినవాడికే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం భద్రత గురించినది. దాన్ని తేలిగ్గా తీసుకోలేం. సమాఖ్య వ్యాసార్థాన్ని పెంచిందే మోకాళ్లు దెబ్బతింటున్నాయని. ఓస్లో పరిశోధకులతో కలిసి 2006 నుంచి గాయాల వివరాలు సేకరిస్తే, మోకాలి ముందు లిగమెంటు తెగడం పదేపదే కనిపించింది. వీడియోలు ఫ్రేము ఫ్రేముగా చూస్తే ఒక క్రమం తేలింది: బయటి స్కీ క్షణంసేపు పట్టు కోల్పోతుంది, మళ్లీ లోపలి అంచు హఠాత్తుగా మంచును పట్టుకుంటుంది, స్కీ తన వంపు చెప్పిన దిశలో తిరిగిపోతుంది, మోకాలు మెలిపడుతుంది. వంపు ఎక్కువున్న స్కీ ఎక్కువ దూకుడుగా పట్టుకుంటుందన్నది నిజమే. అయినా 35 మీటర్ల నియమం ఎక్కువ కాలం నిలవలేదు. 2017-18 నుంచి అది 30 మీటర్లయింది. నా వాదన ఇక్కడ కాస్త వినయంగా ఉండాలి: కార్వింగ్ స్కీ అలసిన కాళ్లకు మంచిది కాదు. మధ్యాహ్నం మంచు గుట్టలు పడ్డాక, తొడలు వణుకుతున్నప్పుడు దాని మీద పంతం పట్టకూడదు. ఇంకో సంగతి. కార్వింగ్ చేసేవాళ్లు వాలును అడ్డంగా కోస్తూ వేగంగా పోతారు, వెనకొచ్చేవాళ్లు ఊహించని చోటికి చేరతారు. వెనక నుంచి వచ్చేవాళ్లే ముందున్నవారికి ప్రమాదం లేని దారి ఎంచుకోవాలన్నది సమాఖ్య ప్రవర్తనా నియమాల్లో మూడోది. అది కార్వింగ్ చేసేవారిని కాపాడుతుంది, అదే సమయంలో తమకన్నా నెమ్మదిగా కింద పోతున్నవారి విషయంలో వాళ్లనూ కట్టేస్తుంది. అయితే హద్దు వేగం లెక్క ఇక్కడ కూడా పనికొస్తుంది. 13 మీటర్ల స్కీ తీసుకున్నవాడు గంటకు 30 కిలోమీటర్లలోనే తనకు కావలసిన వాలు, భారం, ఉత్సాహం పొందుతాడు. 30 మీటర్ల స్కీ మీద అదే అనుభూతి కావాలంటే 45 దాటాలి. తగిన వ్యాసార్థం వేగం మీద ఆశను తగ్గిస్తుంది.

లోపలి నిర్మాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు గానీ ఒక్క మాట తప్పదు. మంచి కార్వింగ్ స్కీలో యాష్, పాప్లర్, బీచ్ వంటి చెక్కల గుండెకు పైనా కిందా టైటానల్ అనే లోహపు పొరలు ఉంటాయి. పేరు చూసి టైటానియం అనుకుంటారు. అది ఆస్ట్రియాలోని రాన్స్‌హోఫెన్‌లో తయారయ్యే బలమైన అల్యూమినియం మిశ్రమం. దాని పని రెండు: స్కీ పొడవునా వంగినా మెలిపడకుండా చూడడం, గట్టి మంచు మీద పుట్టే అదురును మింగడం. మెలిపడే స్కీకి కొనలు అంచు విడుస్తాయి. అదిరే స్కీ మంచును తాకుతూ విడుస్తూ పోతుంది. తేలికదనం కోసం లోహం తీసేసిన స్కీలు చేతిలో పట్టుకుంటే ముచ్చటగా ఉంటాయి, తెల్లవారుజామున గడ్డకట్టిన వాలు మీద ఆ ముచ్చట నిలవదు. ఇక అంచు పదును. అడుగువైపు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ, పక్కవైపు రెండు మూడు డిగ్రీలు వాల్చి రాసిన అంచు లేకపోతే ఎంత ఖరీదైన స్కీ అయినా దండగే. కొన్న డబ్బులో కొంత పదునుకు కేటాయించలేనివాళ్లు చవకైన స్కీ కొని తరచూ పదును పెట్టించుకోవడం మేలు. కాలికి బిగుతుగా కూర్చోని బూటు ఉంటే ఈ చర్చంతా వ్యర్థం. పాత బూట్లతో కొత్త స్కీలు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఆ వరస మార్చుకోవాలి.

రాబోయే కాలం కూడా సన్న నడుము వైపే మొగ్గుతోంది. ఆల్ప్స్‌లో సహజ మంచు మీద ఆధారపడడం తగ్గిపోతోంది. ఇటలీలో స్కీ వాలుల్లో అత్యధిక భాగానికి కృత్రిమ మంచు యంత్రాలున్నాయి. 2022 బీజింగ్ ఒలింపిక్స్ దాదాపు మొత్తం కృత్రిమ మంచు మీదే జరిగాయి. కాశ్మీర్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్ జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచింది ఆ మంచు మీదే. యంత్రం చల్లే మంచు ఆకాశం నుంచి పడే రేకుల్లా ఉండదు; సన్నని గుండ్రటి గింజలుగా కుదురుకుని, గ్రూమింగ్ యంత్రం నొక్కాక రాయిలా బిగుస్తుంది. నీరు, కరెంటు ఇంతగా ఖర్చుపెట్టి వాలులను నిలబెట్టాలా అన్న ప్రశ్న న్యాయమైనదే, దానికి స్కీ ఎంపికలో జవాబు దొరకదు. కానీ నిలబెట్టినంత కాలం ఆ వాలు మీద జారేవాళ్లకు కావలసింది తేలే వెడల్పు కాదు, పట్టే అంచే. కొనేముందు కొండ దిగువన అద్దె దుకాణంలో ఒకే నమూనాను రెండు పొడవుల్లో తీసుకుని, ఉదయం మొదటి లిఫ్టుకే పైకెళ్లి చూడడం అన్నిటికన్నా మంచి పద్ధతి. పొడవు మారితే వ్యాసార్థమూ మారుతుంది, పది సెంటీమీటర్లకు సుమారుగా ఒకటి నుంచి రెండు మీటర్ల దాకా. ఫోన్‌లోని జీపీఎస్ మీ వేగమెంతో చెబుతుంది. అప్పుడు పై లెక్కలో మీ అంకె ఎక్కడుందో చూసుకోవచ్చు.